పండు మీది నంబరు ఎవరి కోసం?

సబ్బు బిళ్ళ కర్మాగారంలోనే తన పేరు, బరువు, బార్‌కోడ్ అన్నీ కాగితం మీద అచ్చు వేయించుకుని బయటికి వస్తుంది. చెట్టు నుంచి దిగిన ఆపిల్‌కు ఆ సదుపాయం లేదు. ఏ రెండు పండ్లూ సరిగ్గా ఒకే బరువు తూగవు. వాటిని విడిగా పోసి అమ్ముతారు. కొనేవారు నచ్చినవి ఏరుకుని సంచిలో వేసుకుని బిల్లు వేసే చోటికి తెస్తారు. అక్కడ ఉన్న మనిషికి ఆ సంచిలోనివి గాలా రకమా, ఫూజీ రకమా, మామూలు పంటా, సేంద్రియ పంటా అన్నది కంటితో చూసి తేల్చడం చాలాసార్లు సాధ్యం కాదు. ధరలు మాత్రం ఒక్కోదానికి ఒక్కోలా ఉంటాయి, వెనుక వరుసలో మనుషులు నిలబడి ఉంటారు. పండు మీద అంటించే గోరంత స్టిక్కరు, దాని మీది నాలుగంకెల నంబరు ఈ ఇబ్బంది తీర్చడానికే పుట్టాయి.

ఆ నంబరును పండు జాతకంగా నమ్మేవారు చాలామంది ఉన్నారు. మొదటి అంకెను బట్టి మందులు కొట్టారో లేదో, జన్యువులు మార్చారో లేదో, కిరణాలు పట్టించారో లేదో తెలిసిపోతుందని చెప్పే సందేశాలు ఏళ్ల తరబడి ఫోను నుంచి ఫోనుకు తిరుగుతూనే ఉన్నాయి. పిల్లలకు ఏం పెడుతున్నామో తెలుసుకోవాలన్న ఆరాటమే ఆ సందేశాలను ముందుకు పంపిస్తోంది, ఆ ఆరాటం న్యాయమైనదే. అయితే ఆ నంబరు ఒకే ఒక మనిషి అడిగే ఒకే ఒక ప్రశ్నకు జవాబుగా తయారైంది. బిల్లు వేసే మనిషి అడిగే ప్రశ్న అది: ఇది ఏ సరుకు? కొనేవారి ప్రశ్నలకు జవాబులు వేరే చోట్ల, వేరే సంఖ్యల్లో ఉంటాయి. ఏ ప్రశ్నకు ఏ సంఖ్య జవాబు చెబుతుందో విడదీసి చూస్తే ఈ గందరగోళంలో చాలా భాగం తొలగిపోతుంది.

నాలుగంకెల నంబరును ఆంగ్లంలో ప్రైస్ లుకప్ కోడ్ అంటారు, పొట్టిగా పీఎల్‌యూ. ధరను వెతికి తెచ్చే సంఖ్య అని దాని అర్థం. పని తీరు మొత్తం ఆ పేరులోనే ఉంది. ధర ఆ సంఖ్య లోపల ఎక్కడా ఉండదు. దుకాణం కంప్యూటర్‌లో ఒక పట్టిక ఉంటుంది, అందులో 4011 అన్న నంబరుకు ఎదురుగా పసుపు అరటిపండు అని, దాని పక్కన ఆ రోజు ధర రాసి ఉంటాయి. బిల్లు వేసే మనిషి పండ్లను తూకం మీద పెట్టి 4011 నొక్కగానే యంత్రం ఆ వరుసను వెతికి, ధరను బరువుతో హెచ్చవేసి మొత్తం చూపిస్తుంది. పొద్దున ఉన్న ధర సాయంత్రానికి తగ్గించాలంటే పట్టికలో ఒక్క వరుస మారిస్తే చాలు, వేల పండ్ల మీది స్టిక్కర్లను ముట్టుకోనక్కరలేదు. ఒకే పండును రెండు దుకాణాలు రెండు ధరలకు అమ్ముకున్నా నంబరు అదే ఉంటుంది.

1990లో ఈ నంబర్లు వాడుకలోకి వచ్చాయి. పండ్లు తోట నుంచి బయలుదేరేటప్పుడే, ఏ దుకాణానికి చేరినా పనికొచ్చే ఉమ్మడి నంబరుతో రావడం వీటితో మొదలైంది. ఆ నంబరు భాషల గొడవను కూడా దాటేసింది. వంకాయను అమెరికాలో ఎగ్‌ప్లాంట్ అంటారు, బ్రిటన్‌లో ఆబర్జీన్ అంటారు. నంబరు మాత్రం 4081. కొత్తిమీరను ఒకరు సిలాంట్రో అని, ఇంకొకరు కోరియాండర్ అని పిలుచుకున్నా 4889 నొక్కితే యంత్రానికి అర్థమయ్యేది ఒకటే.

ఆ అంకెల్లో దాగిన అర్థమేమీ లేదన్నది ఇక్కడ అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. గాలా ఆపిల్‌లో చిన్నదానికి 4133, పెద్దదానికి 4135. ఫూజీలో చిన్నదానికి 4129, పెద్దదానికి 4131. గ్రానీ స్మిత్ అనే పచ్చ ఆపిల్‌కు వచ్చేసరికి పెద్దదాని నంబరు 4017, చిన్నదానిది 4139. రెండింటి మధ్య వందకు పైగా తేడా ఉంది. తరువాత వచ్చిన హనీక్రిస్ప్ అనే రకంలో పెద్ద పండు ఏకంగా 3283 దగ్గర కూర్చుంది. ఖాళీగా ఉన్న ఏదో ఒక నంబరును ఇస్తూ పోవడం తప్ప ఇందులో వేరే సూత్రం లేదు. 3తో మొదలైతే కిరణాలు పట్టించిన పండు అని, 4తో మొదలైతే మందులు కొట్టిన పండు అని చెప్పే మాటలకు ఆధారమేదీ లేదు. 4000 వరుసలో చోటు చాలకపోవడంతో 3000 వరుసను కూడా తెరిచారు, అంతే. మూడు, నాలుగు రెండింటిలో ఏ అంకెతో మొదలైనా అది మామూలు పద్ధతిలో పండించిన సరుకు. మామూలు పద్ధతి అన్న మాటకు కూడా, సేంద్రియమని ప్రత్యేకంగా చెప్పుకోనిది అన్నంతవరకే అర్థం. ఏ మందు ఎంత కొట్టారో, ఎన్నిసార్లు కొట్టారో అది చెప్పదు.

చిన్నది, పెద్దది అనే తేడా కూడా కంటి అంచనా కాదు. ఉత్తర అమెరికాలో ఆపిల్ సైజును సుమారు 18 కిలోలు పట్టే పెట్టెలో ఎన్ని పండ్లు సరిపోతాయన్న లెక్కతో చెబుతారు. పెట్టెకు 100 గానీ, అంతకంటే ఎక్కువ గానీ పడితే అది చిన్న పండు; 88 గానీ, అంతకంటే తక్కువ గానీ పడితే పెద్ద పండు. లెక్క పెరిగేకొద్దీ పండు తగ్గుతుంది కాబట్టి ఈ లెక్క కొత్తవారికి మొదట తలకిందులుగా కనిపిస్తుంది. ఒకే చెట్టు నుంచి కోసిన పండ్లు సైజు వేరుచేసే యంత్రం దాటగానే రెండు వేర్వేరు నంబర్ల కిందికి వెళ్లడానికి కారణం ఇదే. అన్ని సరుకులకూ ఈ సైజు విభజన లేదు; అమ్మకంలో ధర తేడా తెచ్చే చోటే దాన్ని పెట్టారు.

ఈ పట్టికను నిర్వహించేది ఇంటర్నేషనల్ ఫెడరేషన్ ఫర్ ప్రొడ్యూస్ స్టాండర్డ్స్ అనే సంస్థ. వివిధ దేశాల పండ్లు, కూరగాయల వ్యాపార సంఘాలు కలిసి 2001లో దీన్ని ఏర్పాటు చేసుకున్నాయి. కొత్త రకాన్ని పెంచినవారు దరఖాస్తు పెట్టుకుంటే, అది నిజంగా వేరే రకమా, అంతర్జాతీయంగా తగినంత అమ్మకం ఉందా అన్నది చూసి నంబరు ఇస్తారు. ఏ దుకాణమైనా తన సొంత అవసరానికి వాడుకోవడానికి కొన్ని నంబర్లను ఖాళీగా వదిలిపెట్టారు. అలాంటి నంబరుకు ఒక దుకాణంలో ఒక అర్థం, పక్క దుకాణంలో ఇంకో అర్థం ఉండవచ్చు. ఇది ప్రభుత్వ చట్టం కాదు, వ్యాపారులు తమలో తాము కుదుర్చుకున్న ఏర్పాటు. నంబరు వేసి తీరాలని ఈ పట్టిక ఎవరినీ శాసించదు. స్టిక్కరు లేని పండు దొంగ సరుకూ కాదు, స్టిక్కరు ఉన్నంత మాత్రాన ఎవరో పరీక్షించి పంపారనీ కాదు.

ఆ పట్టికకు తగిలించిన ఒకే ఒక అర్థం తొమ్మిది అంకె. నాలుగంకెల నంబరు ముందు 9 చేరిస్తే అది సేంద్రియ పద్ధతిలో పండించినదని గుర్తు. అరటిపండు 4011 అయితే సేంద్రియ అరటిపండు 94011. సేంద్రియ పంటకు ధర ఎక్కువ కాబట్టి, పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి దుకాణానికి ఈ తేడా అవసరమైంది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. 9 అన్నది ధ్రువపత్రం కాదు, ధ్రువపత్రం ఉన్న సరుకును బిల్లులో వేరుచేసే గుర్తు మాత్రమే. నేల, ఎరువులు, రికార్డులు చూసి సేంద్రియమని తేల్చేది ఆయా దేశాల చట్టాల కింద పనిచేసే ధ్రువీకరణ సంస్థలు. అందుకే అమెరికాలో వ్యవసాయ శాఖ సేంద్రియ ముద్ర, ఐరోపాలో చుక్కలతో గీసిన ఆకు గుర్తు విడిగా ఉన్నాయి. తొమ్మిది కనిపించినప్పుడు ఆ ముద్ర కూడా ఉందేమో చూడటం మంచి అలవాటు.

ఇక ఎనిమిది కథ. ముందు 8 ఉంటే జన్యువులు మార్చిన పంట అన్న మాట పూర్తిగా గాలి కబురు కాదు. ఒకప్పుడు పట్టికలో నిజంగానే ఆ ఏర్పాటు ఉండేది. అది కాగితం మీదే ఉండిపోయింది. చిల్లర దుకాణాల్లో 8తో మొదలయ్యే స్టిక్కరు ఎన్నడూ వాడుకలోకి రాలేదని ఆ సంస్థే చెప్పింది. కారణం ఊహించడం కష్టం కాదు. నంబరు వేయడమే స్వచ్ఛందమైనప్పుడు, కొనేవారిలో కొందరు తప్పించుకు తిరిగే గుర్తును తన సరుకు మీద తానే అంటించుకునే అమ్మకందారు ఉండడు. జన్యుమార్పిడి చేసిన పండ్లు అమ్మకంలో లేక కాదు. వలయ మచ్చల వైరస్‌ను తట్టుకునే బొప్పాయిని హవాయిలో 1998 నుంచి పండించి అమ్ముతున్నారు. అయినా ఆ అంకె ఏ పండు మీదా కనబడలేదు. కాబట్టి 8 లేదు గనక ఇది జన్యుమార్పిడి పండు కాదని ధైర్యపడటం, ఆ గుర్తు పట్టికలో ఉన్న రోజుల్లో కూడా, తప్పు ధైర్యమే.

2015లో ఆ సంస్థ 8కి ఉన్న ఆ అర్థాన్ని తీసేసింది. నాలుగంకెల వరుసల్లో 3000 నుంచి 4999 దాకా పట్టేది 2,000 నంబర్లే, అందులో 1,400కు పైగా అప్పటికే కేటాయించారు. కొత్త రకాలు వస్తూనే ఉన్నాయి కాబట్టి 83000 నుంచి 84999 వరకు ఉన్న ఐదంకెల నంబర్లను మామూలు సరుకులకు వాడుకోవాలని నిర్ణయించారు. అంటే రేపు ఏదైనా పండు మీద 8తో మొదలయ్యే ఐదంకెలు కనబడితే, దానికి జన్యువులతో సంబంధం ఉండదు. నాలుగంకెల్లో చోటు దొరకని కొత్త రకమని అర్థం. పాత సందేశం చదివి భయపడేవారు ఒక మామూలు పండును అనవసరంగా పక్కన పెడతారు. జన్యుమార్పిడి గురించి నిజంగా తెలుసుకోవాలంటే చట్టం రాయించే మాటలు చూడాలి. ఐరోపా సమాఖ్యలో 2003 నాటి నిబంధనలు దాన్ని చీటీ మీద చెప్పి తీరాలంటాయి. అమెరికాలో 2022 జనవరి 1 నుంచి అలాంటి ప్రకటన తప్పనిసరి అయింది.

నాలుగంకెల నంబరుకు మరో బలహీనత ఉంది, దాన్ని ఎక్కువమంది గమనించరు. అందులో తప్పును పట్టుకునే అంకె లేదు. 4011 నొక్కబోయి 4012 నొక్కితే యంత్రం ఏ అభ్యంతరమూ చెప్పదు, ఎందుకంటే 4012 కూడా సరైన నంబరే. అది పెద్ద నేవల్ నారింజ. 94011 బదులు అలవాటు కొద్దీ 4011 నొక్కితే సేంద్రియ అరటిపండు మామూలు ధరకు వెళ్లిపోతుంది. ఆ నష్టం ఒక్క బిల్లుతో ఆగదు. కంప్యూటర్ లెక్కలో సేంద్రియ సరుకు అమ్ముడుపోనట్టు, మామూలు సరుకు ఉన్నదానికంటే ఎక్కువ అమ్ముడైనట్టు కనిపిస్తుంది. మరుసటి వారం తెప్పించే సరుకు ఆ తప్పు లెక్క మీదే ఆధారపడుతుంది. కొనేవారు తామే బిల్లు వేసుకునే యంత్రాలు వచ్చాక ఖరీదైన సరుకును తూకం మీద పెట్టి అరటిపండు నంబరు నొక్కే మోసం కూడా పుట్టింది, దానికి అరటి కిటుకు అని పేరు కూడా పడింది. నంబరు చేతితో నొక్కాల్సినంత కాలం ఈ లోపం పోదు.

బార్‌కోడ్ ఈ లోపాన్ని ముందే ఊహించి తయారైంది. 1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం ట్రాయ్ ఊళ్లో ఒక సూపర్‌మార్కెట్‌లో చూయింగ్ గమ్ ప్యాకెట్ మీది బార్‌కోడ్‌ను చదివించడంతో ఆ పద్ధతి అమ్మకాల్లో మొదలైంది. చారల కింద ఉండే 12 లేదా 13 అంకెల్లో చివరిది సరిచూసే అంకె. దాని ముందున్న అంకెలను ఒకటి విడిచి ఒకటి మూడుతో హెచ్చవేసి, అన్నింటినీ కూడి, ఆ మొత్తాన్ని పదుల సంఖ్యకు చేర్చడానికి ఎంత కావాలో అంతే ఆ చివరి అంకె. ఒక్క అంకె మారినా లెక్క తప్పుతుంది. పక్కపక్క అంకెలు రెండు తారుమారైతే, వాటి మధ్య తేడా సరిగ్గా అయిదైన సందర్భాల్లో తప్ప, అదీ పట్టుబడుతుంది.

ఆ సంఖ్యను జీటిన్ అంటారు, వ్యవస్థను నడిపేది జీఎస్1 అనే సంస్థ. పీఎల్‌యూకూ దీనికీ ఉన్న ముఖ్యమైన తేడా పొడవులో లేదు. పీఎల్‌యూ సరుకు జాతిని చెబుతుంది, జీటిన్ ఆ సరుకు ఏ సంస్థదో కూడా చెబుతుంది. వంద తోటల పెద్ద గాలా ఆపిల్‌లకు నంబరు ఒక్కటే 4135. అదే పండ్లను వేర్వేరు సంస్థలు సంచుల్లో కట్టి అమ్మితే ఒక్కో సంస్థకు ఒక్కో జీటిన్ ఉంటుంది. అందుకే విడి పండ్లకు ఒకటి, కట్టిన సంచులకు మరొకటి వాడుకలో ఉన్నాయి. ఇక్కడ కూడా ఒక అపోహ నాటుకుపోయింది. బార్‌కోడ్ మొదటి మూడు అంకెలు ఆ సరుకు ఏ దేశంలో పండిందో చెబుతాయని చాలామంది నమ్ముతారు. అవి చెప్పేది, ఆ సంస్థకు నంబరు ఇచ్చిన జీఎస్1 శాఖ ఏది అన్నది మాత్రమే. ఒక దేశంలో నమోదైన సంస్థ ఇంకో దేశం నుంచి పండ్లు తెప్పించి తన సంచిలో కట్టి అమ్మవచ్చు. అంకెలు ఆ సంస్థవే, పండు మాత్రం పరదేశానిది. పండిన దేశం తెలియాలంటే అక్షరాల్లో రాసిన దేశం పేరు చదవాలి.

దుకాణంలోనే తూచి చీటీ అంటించే సరుకు మీది బార్‌కోడ్ మరో రకం. అది తరచుగా 2తో మొదలవుతుంది. ఆ అంకె దుకాణం లోపలి వాడకానికి కేటాయించినది. తరువాతి అంకెల్లో సరుకు నంబరు, ఆ ముక్క బరువు గానీ ధర గానీ ఇమిడి ఉంటాయి. ధర నిజంగా చారల లోపలే ఉండే సందర్భం ఇది. ఆ చీటీ ఇంకో దుకాణంలో అర్థం కాదు.

విడి పండు మీద కూడా చారలు పట్టేలా చేసిన ప్రయత్నం డేటాబార్. మామూలు బార్‌కోడ్‌కు గోరంత స్టిక్కరు మీద చోటు చాలదు. దానికంటే చాలా చిన్నదైన ఈ గుర్తులో 14 అంకెల జీటిన్ పడుతుంది, కాబట్టి స్కానరు ఒక్క చూపుతో సరుకు ఏదో, పంపిన సంస్థ ఏదో రెండూ తెలుసుకుంటుంది. చేతితో నొక్కే తప్పులు తగ్గుతాయి, సేంద్రియ పండు మామూలు ధరకు వెళ్లిపోదు. అయినా నాలుగంకెలను స్టిక్కరు మీంచి తీసేయలేదు. గుండ్రటి, తడి పండు మీద చారలు చదవడం ప్రతిసారీ కుదరదు. కుదరనప్పుడు వేలితో నొక్కడానికి ఆ నంబరు ఉండాలి.

ఇంతవరకు చెప్పిన వాటిలో ఏదీ ఆ పండు ఏ తోటలో, ఏ రోజు కోసినదో చెప్పలేదు. కొనేవారికి అన్నిటికంటే అవసరమైన ఈ ప్రశ్న ఎంత బరువైనదో 2011లో ఐరోపాకు తెలిసింది. ఆ ఏడాది మే నెలలో ఉత్తర జర్మనీలో ఈ-కోలై బాక్టీరియా వల్ల జనం తీవ్రంగా జబ్బుపడటం మొదలైంది. అధికారులు మొదట స్పెయిన్ దోసకాయలను అనుమానించి ఆ సంగతి బయటపెట్టారు. తరువాత పరీక్షల్లో ఆ దోసకాయల మీద ఉన్నది ఈ జబ్బు తెచ్చిన రకం కాదని తేలింది, కానీ అప్పటికే కొనేవారు లేక దోసకాయలు కుళ్లిపోయాయి. ఐరోపా సమాఖ్య కూరగాయల రైతులకు 20 కోట్ల యూరోలకు పైగా పరిహారం ఇవ్వాల్సి వచ్చింది. జర్మనీలో 3,800 మందికి పైగా జబ్బుపడ్డారు, 50 మందికి పైగా మరణించారు. చివరికి కారణం మొలకెత్తిన మెంతులని తేలింది. జర్మనీలో మొలకలు, ఆ తరువాత ఫ్రాన్స్‌లో జబ్బు తెచ్చిన మొలకలు రెండూ ఈజిప్టు నుంచి 2009 చివరలో బయలుదేరిన ఒకే మెంతుల సరుకు నుంచి వచ్చి ఉంటాయని ఐరోపా ఆహార భద్రతా సంస్థ లెక్క కట్టింది. ఆ సరుకుకు ఒక లాట్ నంబరు, అంటే ఒకే విడతలో వచ్చిన సరుకుకు వేసే గుర్తు, ఉంది: 48088.

ఐదంకెలే. పైకి చూస్తే పండు మీది నంబరుకూ దానికీ తేడా కనబడదు. కానీ 4011 ప్రపంచంలోని అన్ని పసుపు అరటిపండ్లకూ ఉమ్మడి పేరు. 48088 ఒకే ఒక్క సరుకు పేరు. రోగుల దగ్గర మొదలై, వారు తిన్న భోజనశాలలు, వాటికి మొలకలు పంపిన తోట, ఆ తోటకు గింజలు పంపిన వ్యాపారి, అలా వెనక్కి నడుచుకుంటూ వెళ్లగలిగింది కాగితాల మీద లాట్ నంబరు మిగిలి ఉండటం వల్లనే. ఈ రంగంలో ప్రాణాలకు సంబంధించిన సంఖ్య ఏదని అడిగితే నా జవాబు లాట్ నంబరు. అదే కొనేవారి కంటికి అతి తక్కువగా ఆనుతుంది, ఎందుకంటే అది సాధారణంగా పండు మీద కాక పెట్టె మీద ఉంటుంది. గంపలో పోయగానే పెట్టె వెనక్కి వెళ్లిపోతుంది, సోమవారం లాట్ మీద మంగళవారం లాట్ కలిసిపోతుంది.

పెట్టె మీది చీటీని ఒక పద్ధతిలో పెట్టడానికి అమెరికా వ్యాపార సంఘాలు కలిసి ఒక కార్యక్రమం నడిపాయి. దాని ప్రకారం పెట్టె మీది పొడవాటి బార్‌కోడ్‌లో అంకెలు కొన్ని ముందు గుర్తులతో వస్తాయి: 01 తరువాత జీటిన్, 10 తరువాత లాట్ నంబరు, 13 తరువాత ప్యాక్ చేసిన తేదీ. గోదాములో సరుకు తీసే మనిషి చెవికి పెట్టుకున్న యంత్రానికి చదివి వినిపించడానికి వీలుగా, ఈ వివరాల నుంచి లెక్కకట్టిన మరో నాలుగంకెల సంఖ్యను కూడా పెద్ద అక్షరాల్లో అచ్చు వేస్తారు. దానికి పీఎల్‌యూతో ఏ సంబంధమూ లేదు, నాలుగంకెలు కావడం ఒక్కటే పోలిక. స్వచ్ఛందంగా మొదలైన ఈ పని తరువాత చట్టం దాకా వెళ్లింది. ఆకుకూరలు, దోసకాయలు, టమాటాలు, మొలకలు, పుచ్చ జాతి పండ్లు వంటి వాటికి లాట్ నంబరు చేతులు మారిన ప్రతిచోటా నమోదు కావాలని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2022 నవంబరులో నియమం ప్రకటించింది. 2026 జనవరి నుంచి అమలు చేయాలనుకున్నది 30 నెలలు వెనక్కి జరిపి 2028 జులైకి మార్చింది. నమోదు పని బరువు చిన్న వ్యాపారులకు ఎక్కువన్నది నిజమే అయినా, ఈ వాయిదా నాకు బాధ కలిగించింది. మెంతుల లాట్‌ను వెతకడానికి పట్టిన ప్రతి రోజూ ఎంత ఖరీదైనదో అప్పటికే అందరికీ తెలుసు.

నంబరు ఏదైనా అది నిలబడేది స్టిక్కరు మీద, ఆ స్టిక్కరు సాధారణంగా పలుచని ప్లాస్టిక్. తొక్కతో పాటు ఎరువు గుంతలోకి వెళ్తే తొక్క కుళ్లుతుంది, అది అలాగే ఉండిపోతుంది. అందుకే 2022 జనవరి నుంచి ఫ్రాన్స్ ఇంటి ఎరువు గుంతలో కలిసిపోయే స్టిక్కర్లే వాడాలని చట్టం చేసింది. ఐరోపా సమాఖ్య 2028 ఫిబ్రవరి నుంచి కుళ్లి ఎరువయ్యే స్టిక్కర్లను తప్పనిసరి చేస్తోంది. తొక్క మీదనే లేజరుతో గుర్తు చెక్కే పద్ధతి కూడా ఉంది. అమెరికా 2012లో నిమ్మ జాతి పండ్లకు దాన్ని అనుమతించింది. 2013లో ఐరోపా, గుర్తు స్పష్టంగా కనబడటానికి పూసే ఐరన్ ఆక్సైడ్ రంగులను నిమ్మ జాతి పండ్లు, దానిమ్మ వంటి కొన్నింటి మీద వాడనిచ్చింది. తొక్క ఒలిచి పారేసే పండ్లకు అది బాగానే ఉంటుంది. స్ట్రాబెర్రీకి అలాంటి గుర్తు పట్టదు, దాన్ని సాధారణంగా డబ్బాలోనే అమ్ముతారు.

చారలతో పాటు చతురస్రపు గుర్తులను కూడా చదివేలా ప్రపంచంలోని బిల్లు యంత్రాలన్నీ 2027 చివరికల్లా సిద్ధం కావాలని జీఎస్1 లక్ష్యం పెట్టుకుంది. అలాంటి గుర్తులో జీటిన్‌తో పాటు లాట్ నంబరు, తేదీ కూడా పడతాయి. డబ్బాలో వచ్చే స్ట్రాబెర్రీలు, సంచిలో వచ్చే ఆకుకూరల విషయంలో ఇది నిజమైన మేలు. ఒక లాట్ చెడ్డదని తేలిన మరుక్షణం ఆ లాట్ డబ్బాలను బిల్లు దగ్గరే ఆపవచ్చు. విడి పండు సంగతి వేరు. అక్కడ ఇప్పుడు కెమెరాలు వస్తున్నాయి. తూకం మీద పెట్టిన పండును చూసి, రంగును, ఆకారాన్ని బట్టి అది అరటి అని యంత్రమే గుర్తుపట్టి 4011 వరుసను తెరుస్తుంది. వేలితో నొక్కే పని తప్పుతుంది, నంబరు లోపల అలాగే ఉంటుంది. అయితే పక్కనే 94011 అరటిపండును పెడితే రంగులో గానీ, ఆకారంలో గానీ దానికి ఏ తేడా దొరకదు. ఆ ముందున్న ఒక్క తొమ్మిది అంకె కోసం ఇప్పటికీ ఎవరో ఒకరు స్టిక్కరును చదవాల్సిందే.